పల్లె పబ్ బోర్డు మీద "1485 నుంచి" అని ఉంటే నమ్మొచ్చా? పాత కాగితాల్లో ఎలా వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో మీరుంటున్న ఊళ్లో మిగిలింది ఒకటే పబ్, దాని పేరు రాయల్ ఓక్. బోర్డు మీద "1485 నుంచి" అని రాసి ఉంది. ఊరివాళ్లంతా కలిసి వేస్తున్న చిన్న పుస్తకంలో ఆ పబ్ చరిత్ర రాసే పని మీకు అప్పగించారు. ఆ తేదీ నిజమో కాదో ఎలా తేల్చాలి, ఏ కాగితాలు చూడాలి అని అడిగారు. చర్చి దాకా సొరంగం ఉందనీ, దూలాలు పాత ఓడలవనీ ఊళ్లో చెప్పుకునే మాటల సంగతి కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఆ పేరుతో 1485లో పబ్ ఉండే అవకాశమే లేదు. 1651లో వూస్టర్ యుద్ధంలో ఓడిన రెండో చార్లెస్, బాస్కబెల్ దగ్గర ఓక్ చెట్టెక్కి సైనికుల కంట పడకుండా దాక్కున్నాడు. 1660లో అతను గద్దెనెక్కాక ఆ చెట్టు పేరు పబ్బులకు పెట్టడం మొదలైంది. పైగా 1485 అంటే బాస్‌వర్త్ యుద్ధం జరిగిన ఏడాది, ఇంగ్లండ్‌లో బడిపిల్లలకు కూడా నోటికొచ్చే తేదీ. ఇలాంటి తేదీ బోర్డు మీద కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. పేరు తర్వాత మారి ఉండొచ్చు, అంతకుముందు అక్కడ మద్యం అంగడి ఉండొచ్చు, అది వేరే సంగతి. దాన్ని విడిగా నిరూపించాలి.

మామూలుగా పల్లె పబ్ చరిత్రను కాగితాలతో 1753 దాకా తీసుకెళ్లగలిగితే బాగా చేసినట్టే. 1600ల్లోకి వెళ్లగలిగితే అదృష్టం. చాలా పబ్బులు 1830 దగ్గరే ఆగిపోతాయి. ఎందుకో కింద చెప్తాను.

మూడు తేదీలు, మూడు వెతుకులాటలు

ఇల్లు ఎప్పుడు కట్టారు, అందులో ఏలు (ale, పాతకాలపు బీరు) అమ్మడం ఎప్పుడు మొదలైంది, ఇప్పటి పేరు ఎప్పుడు పెట్టారు. బోర్డు రాయించేవాళ్లు ఈ మూడింటిలో పాతదాన్ని ఏరుకుంటారు, అదీ దొరక్కపోతే ఊళ్లో చర్చి తేదీ అరువు తెచ్చుకుంటారు. సెయింట్ ఆల్బన్స్‌లోని ఫైటింగ్ కాక్స్ అనే పబ్ పల్లెలోది కాకపోయినా దీనికి మంచి ఉదాహరణ. 793 నాటిదని దాని చాటింపు. ఇప్పుడున్న ఎనిమిది పలకల కట్టడం మొదట పావురాల గూడు. మఠం మూతపడ్డాక, 1600 ప్రాంతంలో దాన్ని విప్పి ఇప్పటి చోట నిలబెట్టారు. పబ్‌గా కాగితం మీదికి వచ్చింది 18వ శతాబ్దంలో, అదీ త్రీ పిజన్స్ అనే పేరుతో. ఫైటింగ్ కాక్స్ పేరు 19వ శతాబ్దానిది.

మీ పబ్‌కి హిస్టారిక్ ఇంగ్లండ్ వారి రక్షిత కట్టడాల జాబితాలో గ్రేడ్ 2 నమోదు ఉంటే, అందులో "పబ్లిక్ హౌస్, 17వ శతాబ్దం" లాంటి వాక్యం ఉంటుంది. దాన్ని "17వ శతాబ్దం నుంచి పబ్" అని చదవకండి. జాబితా రాసిన రోజున అది పబ్, కట్టడం 17వ శతాబ్దానిది, అంతే. ఊరి చరిత్ర పుస్తకాల్లో నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. రెండొందల ఏళ్లు రైతు ఇల్లుగా ఉండి 1840లో పబ్ అయిన కట్టడాలు కోకొల్లలు.

మొదలు ఇవాళ్టి నుంచి, నడక వెనక్కి

1485 నుంచి ముందుకి రావాలని చూస్తే దారి తప్పుతారు. ఇప్పటి కట్టడం నుంచి వెనక్కి వెళ్తూ, ప్రతి మెట్టు దగ్గరా "ఇది అదే ఇల్లేనా" అని సరిచూసుకోవాలి.

దానికంటే ముందు ఒక్క పూట పని: విక్టోరియా కౌంటీ హిస్టరీలో (కౌంటీలవారీగా ఊళ్ల చరిత్ర చెప్పే సంపుటాలు) మీ పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ఊరి ప్రాంతం) వచ్చిందేమో చూడండి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కి చాలా సంపుటాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. ఒక్కో పారిష్ కింద ఏల్‌హౌసులు (ఏలు అమ్మే ఇళ్లు), ఇన్నుల (బస కూడా ఇచ్చే చోట్లు) గురించి రెండు మూడు వాక్యాలు, వాటికి ఆధారాలు ఉంటాయి. ఆ అడుగుసూచికలే మీకు అసలు పెట్టుబడి.

దగ్గరి కాలం తేలికే. 2005 నవంబర్ నుంచి లైసెన్సులు మేజిస్ట్రేట్ల చేతినుంచి జిల్లా కౌన్సిల్‌కి మారాయి. అంతకుముందువి కౌంటీ రికార్డ్ ఆఫీసులో ఉంటాయి, మీకైతే ఆక్స్‌ఫర్డ్ కౌలీలోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ హిస్టరీ సెంటర్. ఆస్తి పత్రాల దగ్గరే చిక్కు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో బ్రూవరీలు తమ బీరు మాత్రమే అమ్మే షరతుతో పల్లె పబ్బుల్ని వరసగా కొనేశాయి. మీ ప్రాంతంలో హాల్స్, మోరెల్స్, హెన్లీ బ్రేక్‌స్పియర్, హుక్ నార్టన్ లాంటివి. బ్రూవరీ కొన్నప్పుడు పాత క్రయపత్రాల కట్ట మొత్తం దాని చేతికి పోయింది. 1989లో బీర్ ఆర్డర్స్ వచ్చి, రెండు వేలకు మించి పబ్బులున్న బ్రూవరీలు ఆ పైన ఉన్నవాటిలో సగాన్ని తమ కట్టుబాటు నుంచి వదులుకోవాలని నిర్దేశించాయి. దాంతో వేల పబ్బులు పబ్ కంపెనీలకు, వాటి నుంచి ఇంకెవరికో చేతులు మారాయి. ఈ గందరగోళంలో కట్టలు చెదిరిపోయాయి. ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదైపోయిన ఆస్తికి పాత పత్రాలు చట్టరీత్యా అక్కర్లేదు కాబట్టి కొన్నింటిని పారేశారు కూడా. ఏ బ్రూవరీ కొన్నదో ముందు తెలుసుకుని, దాని కాగితాలు ఎక్కడ చేరాయో నేషనల్ ఆర్కైవ్స్ డిస్కవరీ కేటలాగ్‌లో బ్రూవరీ పేరుతో వెతకండి. పబ్ పేరుతో వెతికితే చాలాసార్లు ఏమీ రాదు.

1910 ప్రాంతానికి ఒక గొప్ప ఆధారం ఉంది. భూమి విలువ పెరుగుదల మీద పన్ను వేయడానికి దేశమంతా ఇల్లిల్లూ కొలిచారు. ఆ ఫీల్డ్ పుస్తకాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐ.ఆర్. 58 వరసలో ఉన్నాయి. గదులెన్ని, గుర్రపుశాల ఉందా, కట్టడం ఏ స్థితిలో ఉంది, యజమాని ఎవరు, అద్దె ఎంత, అన్నీ ఉంటాయి. వీటికి సూచిక లేదు. ముందు మ్యాప్ మీద స్థలం సంఖ్య పట్టుకుని, ఆ సంఖ్యతో పుస్తకం తెప్పించుకోవాలి. మ్యాప్ చూడకుండా పుస్తకం అడిగితే ఆ రోజు వృథా.

దానికి తోడు 1904 చట్టం కాగితాలు. ఊళ్లో పబ్బులు అవసరానికి మించి ఉన్నాయని తేలితే లైసెన్సు రద్దు చేసి, మిగతా లైసెన్సుదారుల నుంచి వసూలు చేసిన నిధిలోంచి నష్టపరిహారం ఇచ్చారు. మీ ఊళ్లో ఒక్కటే మిగిలిందంటే మిగతావి మూతపడింది ఈ దెబ్బకే కావచ్చు. ఆ ఫైళ్లలో ఏడాదికి ఎన్ని పీపాల బీరు అమ్ముడైంది, దగ్గర్లో ఇంకో పబ్ ఎంత దూరం లాంటి వివరాలు దొరుకుతాయి. మీ పబ్ ఎందుకు బతికిందో, పక్కది ఎందుకు పోయిందో చెప్పే కాగితాలు ఇవే.

1828 నుంచి 1872 దాకా ఉన్న గోతి

అందరూ జారిపడేది ఇక్కడ. 1872 చట్టం తర్వాత లైసెన్సు రిజిస్టర్లు పద్ధతిగా ఉంటాయి: ఇంటి పేరు, లైసెన్సుదారు, యజమాని, చేతులు మారిన తేదీలు, శిక్షలు. 1753 నుంచి 1828 దాకా ఏలు అమ్మేవాళ్లు రాసిచ్చిన పూచీకత్తుల రిజిస్టర్లు ఉన్నాయి. మధ్యలోని 44 ఏళ్లకు అలాంటివి పెట్టాలన్న నిబంధన లేదు. సరిగ్గా ఆ మధ్యలోనే, 1830లో, బీర్‌హౌస్ చట్టం వచ్చింది.

ఆ చట్టం పల్లె రూపాన్ని మార్చేసింది. ఇంటిపన్ను కట్టే ఎవరైనా రెండు గినీలు, అంటే 2 పౌన్లు 2 షిల్లింగులు, ఎక్సైజ్ శాఖకు కట్టి సొంత ఇంట్లో బీరు అమ్ముకోవచ్చు. మేజిస్ట్రేట్ అనుమతి అక్కర్లేదు. స్పిరిట్లు, వైన్ మాత్రం అమ్మకూడదు. ఎనిమిదేళ్లలో 40 వేలకు పైగా బీర్‌హౌసులు పుట్టాయి. 1834లో లోపల కూర్చుని తాగే చోట్లకు రుసుము మూడు గినీలకు పెంచి, ఊళ్లోని ఆరుగురి చేత మంచి నడవడి పత్రం తెమ్మన్నారు. 1869లో మళ్లీ మేజిస్ట్రేట్ల చేతికి తెచ్చారు. అప్పటికే నడుస్తున్నవాటికి కొంత రక్షణ ఇచ్చారు కాబట్టి తర్వాతి రిజిస్టర్లలో "1869కి ముందుది" అనే గుర్తు కనిపిస్తుంది. అది కనిపిస్తే మీ పబ్ బీర్‌హౌస్‌గా పుట్టిందని దాదాపు ఖాయం. అంటే 1830కి ముందు అక్కడ పబ్ ఉందనే మాటకు గట్టి సాక్ష్యం కావాలి.

ఎక్సైజ్ ఇచ్చిన ఆ లైసెన్సుల కాగితాలు చాలామటుకు మిగల్లేదు. కాబట్టి ఈ గోతిని వేరే మట్టితో పూడ్చాలి:

- డైరెక్టరీలు, అంటే ఊరూరా వ్యాపారుల పేర్లు అచ్చేసిన పుస్తకాలు. పిగట్, కెల్లీ, వైట్. "విట్లర్" (victualler, లైసెన్సున్న పబ్ నడిపేవాడు) అని ఇంటి పేరుతో సహా ఉంటే పూర్తి లైసెన్సున్న పబ్. మనిషి పేరు పక్కన "బీర్ రిటైలర్" అని మాత్రమే ఉంటే బీర్‌హౌస్. రెండో రకానికి పబ్ పేరు రాయరు, అందుకే పేరుతో వెతికేవాళ్లకు అది దొరకదు. డైరెక్టరీ అచ్చయ్యేసరికి సమాచారం ఏడాది పాతదై ఉంటుందని గుర్తుంచుకోండి.

- జనాభా లెక్కలు. 1841 నుంచి 1921 దాకా చూడొచ్చు. 1931వి తగలబడిపోయాయి, 1941లో తీయనే లేదు, ఆ లోటుకు 1939 సెప్టెంబర్ రిజిస్టర్ వాడండి. పల్లె బీర్‌హౌస్ యజమానికి ఇంకో వృత్తి ఉంటుంది: కమ్మరి, బండిచక్రాలు చేసే వడ్రంగి, చిన్న రైతు. లెక్కల్లో "కమ్మరి" అని మాత్రమే రాసి, పబ్ ఊసే లేకపోవచ్చు. బీరు పోసేది భార్య. "1851లో పబ్ లేదు" అని తీర్మానించే ముందు ఆ మనిషి పేరును డైరెక్టరీతో కలిపి చూడండి. 1841లో పెద్దవాళ్ల వయసుల్ని ఐదేళ్ల మెట్టుకు తగ్గించి రాశారు, వయసు కలవలేదని మనిషిని వదిలేయకండి.

- టైథ్ (చర్చికి చెల్లించే పంటలో పదోవంతు) మ్యాపులు. 1836 చట్టం తర్వాత ఊరూరా గీసినవి. స్థలం సంఖ్య, యజమాని, అనుభవదారు, "పబ్లిక్ హౌస్, తోట" లాంటి వర్ణన ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్, నార్తాంప్టన్‌షైర్ వైపు చాలా పారిష్‌లకు ఇవి ఉండవు. పొలాలకు కంచెలు వేసి పంచినప్పుడే టైథ్ లెక్క కూడా తీర్చేసుకున్నారు. అలాంటి చోట ఎన్‌క్లోజర్ అవార్డు మ్యాప్ అడగండి.

- పత్రికలు. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో పబ్ పేరు, ఊరి పేరు కలిపి వెతకండి. వేలాలు, అనుమానాస్పద మరణాల విచారణలు పబ్‌లోనే జరిగేవి కాబట్టి "రాయల్ ఓక్‌లో విచారణ" లాంటి వార్తలు పుష్కలంగా దొరుకుతాయి. అచ్చును యంత్రం తప్పుగా చదివే చోట్లు ఎక్కువ, ఊరి పేరుని రెండు మూడు అక్షరక్రమాల్లో ప్రయత్నించండి.

- ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపులు. మైలుకు 25 అంగుళాల కొలతవి నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో ఉచితం. పి.హెచ్. అంటే పబ్లిక్ హౌస్, బి.హెచ్. అంటే బీర్‌హౌస్. ఒక్క అక్షరం తేడా, కథ మొత్తం మారిపోతుంది.

1828కి వెనక

1753 చట్టం ప్రకారం ఏలు అమ్మేవాళ్లంతా ఏటా మేజిస్ట్రేట్ల ముందు జామీనుతో పూచీకత్తు రాసివ్వాలి, కౌంటీ క్లర్క్ ఆ జాబితా భద్రపరచాలి. చిక్కేమిటంటే మొదటి దశాబ్దాల్లో చాలాచోట్ల మనిషి పేరు, పారిష్ పేరు రాశారు గానీ పబ్ పేరు రాయలేదు. ఊళ్లో ముగ్గురు అమ్మేవాళ్లుంటే ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో ఎలా తెలుస్తుంది? పబ్ పేరు రాసిన మొదటి ఏడాది నుంచి వెనక్కి మనుషుల్ని పట్టుకెళ్లాలి: వెనకటి ఏడాది అదే మనిషి, అంతకుముందు అతని తండ్రి లేదా ఆమె మొదటి భర్త. ఈ గొలుసు తెగిన చోట 1780 నుంచి 1832 దాకా ఉన్న భూమిపన్ను జాబితాలు పనికొస్తాయి, వాటిలో యజమాని, అనుభవదారు ఇద్దరూ ఉంటారు. తెలుగునాట గ్రామ కైఫీయత్తుల్లా ఊరి కథంతా ఒకచోట చెప్పే కాగితం అక్కడ ఉండదు. పన్ను, కోర్టు, వీలునామా ముక్కల్ని మీరే కుట్టుకోవాలి.

1753కి ముందు మెట్లు తక్కువ, మధ్య దూరాలు ఎక్కువ. 1552 చట్టంతో ఏల్‌హౌసులకు ఇద్దరు మేజిస్ట్రేట్ల అనుమతి తప్పనిసరైంది. 1577లో డోవర్ రేవు మరమ్మతుకు సొమ్ము వసూలు చేద్దామని ఇన్నులు, టావెర్నులు (వైన్ అమ్మే చోట్లు), ఏల్‌హౌసుల లెక్క తీశారు. కొన్ని కౌంటీలకు అమ్మేవాళ్ల పేర్లే ఉన్నాయి, కొన్నింటికి మొత్తాలు మాత్రమే. 1686లో సైన్యం బస కోసం ఊరూరా అతిథుల పడకలెన్ని, గుర్రాలకు చోటెంత అని రాసుకుంది (డబ్ల్యూ.ఓ. 30/48). ఇన్ను పేర్లుండవు గానీ, మీ ఊరికి రెండు పడకలు, మూడు గుర్రాలు అని ఉంటే అక్కడ బస ఇచ్చే చోటు ఉందని తెలుస్తుంది. 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం సగం దాకా చనిపోయినవారి సామాన్ల జాబితాలు చాలా దొరుకుతాయి. వాటిలో కాచే పాత్రలు, పీపాలు, ఒక కుటుంబానికి అక్కర్లేనన్ని బల్లలు కనిపిస్తే అది ఏల్‌హౌస్ అని ఊహించొచ్చు. ఒక పెద్ద కాగు ఉన్నంత మాత్రాన కాదు, అప్పట్లో ఇంటింటా కాచుకునేవారు.

ఇంకా వెనక, మేనర్ కోర్టు రోల్స్, అంటే ఊరి భూస్వామి కోర్టు రికార్డు చుట్టలు. 13వ శతాబ్దంలో రొట్టె, ఏలు ధరల శాసనం వచ్చాక ఏలు కాచి అమ్మినవాళ్లకు జుల్మానా వేసేవారు. ఏటా అదే మనుషులకు అదే జుల్మానా పడుతుంది, అంటే అది నిజానికి లైసెన్సు రుసుమే. కాచేది ఎక్కువగా ఆడవాళ్లు. హాప్స్ (బీరు నిలవ ఉండటానికి వేసే చేదు పూలు) వేయని ఏలు కొద్దిరోజులకే పులిసిపోతుంది, అందుకని ఈ వారం ఒకరింట, వచ్చే వారం ఇంకొకరింట కాచి అమ్మేవారు. కాబట్టి 1485లో మీ ఊళ్లో ఏలు అమ్మారని రోల్స్‌లో దొరికినా, అది మీ పబ్ అని కాదు. 15వ శతాబ్దంలో హాప్స్ వేసిన బీరు వ్యాపించి, సరుకు నిలవ ఉండటం మొదలయ్యాకే ఒకే ఇంట్లో స్థిరంగా అమ్మడానికి అనువు ఏర్పడింది. రోల్స్ 1733 దాకా ఎక్కువగా లాటిన్‌లో ఉంటాయి. తేదీల విషయంలోనూ జాగ్రత్త: 1752కి ముందు అక్కడ ఏడాది మార్చి 25న మొదలయ్యేది, "1684 ఫిబ్రవరి" అని ఉంటే మన లెక్కలో 1685.

పేరు ఇల్లు మారుతుంది

దీన్ని మర్చిపోతే పైన చేసిన పనంతా వేరే ఇంటి చరిత్ర అవుతుంది. పబ్ యజమాని రోడ్డుకి అవతల మంచి ఇల్లు కట్టుకుని లైసెన్సునీ బోర్డునీ అక్కడికి తీసుకెళ్లడం మామూలే. 1790 నాటి రాయల్ ఓక్ ఇప్పుడు ఎవరిదో కాపురపు ఇల్లు అయ్యుండొచ్చు. టైథ్ లేదా ఎన్‌క్లోజర్ మ్యాప్‌లోని స్థలాన్ని 25 అంగుళాల మ్యాప్ మీద పెట్టి చూడండి. క్రయపత్రాల్లో "తూర్పున చర్చి దారి, ఉత్తరాన ఫలానావారి తోట" లాంటి హద్దులుంటే ఇంకా మంచిది.

ఇక ఊరి కబుర్లు. ఓడ దూలాలంటారు గానీ సముద్రం జాడలేని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కి ఓడ కలప బండ్ల మీద ఎందుకు తెస్తారు? ఏ పనీ లేని గాడులు, రంధ్రాలు కనిపిస్తే అవి ముందున్న ఇంటివో కొట్టానివో దూలాలు తిరిగి వాడిన గుర్తులు. రోమన్ అంకెల్లాంటి గీతలు వడ్రంగి పెట్టుకున్న జోడింపు గుర్తులు. చర్చి సొరంగం దాదాపు ప్రతిచోటా నేలమాళిగ మూసేసిన తలుపో, పాత మురుగుకాలువో. చర్చి కట్టిన తాపీవాళ్ల బస కోసం ఈ ఇల్లు కట్టారనే కథ కూడా వింటారు. కాగితం చూపించినవాళ్లు అరుదు. చర్చితో పబ్‌కి నిజమైన సంబంధం ఇంకోటి ఉంది. పారిష్ ఖర్చులకు సొమ్ము కూడబెట్టేందుకు ఏలు కాచి విందు చేసే చర్చి హౌసులు 1450-1550 మధ్య చాలా కట్టారు. డెవన్‌లో వాటిలో కొన్ని తర్వాత ఇన్నులయ్యాయి. మీ పబ్ చర్చి ఆవరణ అంచునే ఉంటే, చర్చి వార్డెన్ల లెక్కల పుస్తకంలో ఆ ఇంటి మరమ్మతు ఖర్చుల కోసం చూడండి.

దూలాల వయసు కచ్చితంగా కావాలంటే ఓక్ చెట్టు వలయాల పరీక్ష ఉంది. బెరడు అంచు దాకా మిగిలిన దూలం దొరికితే చెట్టు కొట్టిన ఏడాది చెప్పగలరు. ఖర్చు ఎక్కువ, యజమాని ఒప్పుకోవాలి, నమోదైన కట్టడమైతే కౌన్సిల్‌ని ముందే అడగాలి.

పుస్తకంలో రాసేటప్పుడు వాక్యాన్ని ఆధారం మించనివ్వకండి. "17వ శతాబ్దపు ఇల్లు, 1774 నుంచి ఫలానా కుటుంబం ఇక్కడ ఏలు అమ్మింది, రాయల్ ఓక్ అనే పేరు మొదట 1823లో కనిపిస్తుంది" అనేది మచ్చు మాత్రమే, మీ తేదీలు మీకు దొరికినవి. బోర్డు మార్చమని యజమానితో గొడవకు దిగకండి, మీ పుస్తకంలో సరిగా ఉంటే చాలు.

హిస్టరీ సెంటర్‌కి మొదటి మెయిల్‌లో "మా పబ్ చరిత్ర కావాలి" అని రాయకండి. మీ పారిష్‌కి విట్లర్ల పూచీకత్తులు ఏయే ఏళ్లవి ఉన్నాయి, మీ లైసెన్సింగ్ డివిజన్‌కి 1872 తర్వాతి రిజిస్టర్లు ఉన్నాయా, టైథ్ మ్యాప్ ఉందా లేక ఎన్‌క్లోజర్ అవార్డా, 1904 నష్టపరిహారం ఫైళ్లు ఉన్నాయా అని నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడగండి. వెళ్లేటప్పుడు ఫోటో గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, పెన్సిల్ తీసుకెళ్లండి. పెన్ను లోపలికి రానివ్వరు.